మేనమామగారి కుర్చీ

ఫోటోలు తీసుకురమ్మంటే మనిషి ఏకంగా కుర్చీనే మోసుకొచ్చాడు.

భార్య అడిగింది చిన్న పని. "పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి గేటు, మెట్లు, బెంచీ, కుర్చీ, దాని మీద లైటు, ఒక్కోదానికి ఒక్కో ఫోటో తీసుకురండి. నేను కార్డులు చేస్తాను. గురువారం లోపల రోజుకి పదిసార్లు చూపిస్తే, ఏం జరగబోతోందో పిల్లకి ముందే తెలుస్తుంది" అంది. ఆమె జిరాక్సు షాపులో పనిచేస్తుంది. కాగితానికి ప్లాస్టిక్ తొడిగే యంత్రం అక్కడ చేతికిందే ఉంటుంది. ఆదివారం అడిగింది, "వెళ్తాలే" అన్నాడు. సోమవారం పొద్దున మళ్ళీ అడిగింది, "వెళ్తానన్నానుగా" అని కాస్త విసుక్కున్నాడు కూడా. తప్పు చేసినవాడి గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది, ఏం చేస్తాం.

సోమవారం సాయంత్రం తోపుడు బండి మీద మంగలి కుర్చీ ఒకటి వేసుకుని దిగాడు. మూసేసిన సెలూన్లో మూలపడి ఉన్నదట. కాలితో తొక్కితే పైకి లేస్తుంది, పక్కనున్న పిడి లాగితే వెనక్కి వాలుతుంది.

"ఫోటోలేవి?" అంది భార్య.

"ఫోటో ఎందుకే? అసలు కుర్చీయే చేసి పెడతా. దీని మీద పడుకోవడం అలవాటైతే అక్కడ పడుకోదూ?"

ఆయన కుషన్ మేస్త్రీ. బస్సు సీట్లు, ఆటో సీట్లు, సినిమా హాలు కుర్చీలు, ఏవి చిరిగినా ఆయన దగ్గరికే వస్తాయి. ఆ రాత్రి భోజనాలకి ముందే పాత తోలు ఊడబెరికాడు. తుప్పు పట్టిన మేకులు ఒక్కొక్కటే పటకారుతో లాగి డబ్బాలో వేశాడు. కొత్త స్పాంజి పొడుగు కత్తితో కోసి, అంచులు కాస్త తగ్గించి అతికించాడు. రెక్సిను కోసం ముందుగదిలోని తన షాపంతా వెతికాడు. డాక్టరమ్మ దగ్గరి కుర్చీ రంగు నీలం కాదు, బూడిదా కాదు, రెంటికీ మధ్య. అదే రంగు ముక్క దొరికింది. తల పెట్టుకునే చోట ఇటూ అటూ రెండు చెవుల్లాంటి దిండ్లుంటాయి, అవీ కుట్టాడు. ఒక్కసారి చూసిన కుర్చీని ఇంత గుర్తుపెట్టుకున్నవాడు, మళ్ళీ అక్కడికెళ్ళి ఐదు ఫోటోలు తియ్యడానికి ఎందుకు కాళ్ళీడుస్తున్నాడో భార్యకి అర్థం కాలేదు.

ఆయన కుట్టుమిషను తొక్కుతుంటే పిల్ల ఆ బల్లకి చెవి ఆనించి నిలబడింది. ఏడేళ్ళు. దేనికైనా సరే చెవి ఆనించి వింటుంది కాబట్టి ఇంట్లో దాని పేరు గవ్వ. దానికి సొంత మాటలు తక్కువ, ఉన్నవన్నీ అరువు మాటలే. ఎక్కడో ఎవరో అన్నది, అన్నవాళ్ళ గొంతుతో సహా, వారానికో నెలకో తీసి వాడుతుంది. కండక్టరు గొంతుతో "ఎక్కేవాళ్ళు ఎక్కండి" అని ఆగుతుంది. ఎదుటివాళ్ళు "దిగేవాళ్ళు దిగండి" అనాలి. అనకపోతే అక్కడే ఆగిపోతుంది, అన్నంముద్ద దగ్గరైనా సరే, రోడ్డు మధ్యలోనైనా సరే. "నిలబడండి" అన్నా ఒప్పుకోదు, "తొందరగా దిగండి" అన్నా ఒప్పుకోదు. కండక్టరు ఏమన్నాడో అదే కావాలి.

ఇప్పుడు మాటలు కూడా తగ్గిపోయాయి. ఎడమవైపు కింది దవడలో వెనక పాలపన్ను పుచ్చింది. పది రోజులుగా నమలడం మానేసింది. పాలు తాగుతుంది, తాగి అరచేత్తో తన చెంప తనే ఫెడేలున కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినడం ఎవరి తరమూ కాదు. పోయిన గురువారం భార్యకి సెలవు దొరక్క మేస్త్రీ ఒక్కడే తీసుకెళ్ళాడు. పిల్ల కుర్చీలో కూర్చోలేదు. డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది. వచ్చే గురువారం మూడుసార్లు, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నోరు తెరిస్తే చాలు, ఒక పదికి తిమ్మిరి మందు రాస్తాను, ఒక పదికి సూది, ఒక పదికి పన్ను. తెరవకపోతే పెద్దాసుపత్రికి రాసిస్తాను, అక్కడ మత్తిచ్చి తీస్తారు. కాకపోతే వంతు రావడానికి నాలుగు నెలలు.

నాలుగు నెలలు ఆ చెంప అలా మోగుతూ ఉండాలి. అందుకే గురువారం అంటే ఇద్దరికీ గుండెల్లో రాయి.

మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళ భార్య షాపు నుంచి పరుగున వచ్చింది, కుర్చీ చూడడానికి. మేస్త్రీ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, పెళ్ళివారికి ఎదురు వచ్చినవాడిలా. పైన వంకరమెడ లైటు కూడా బిగించాడు. గవ్వ కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగింది, రెక్సినుకి చెవి ఆనించింది, ఎక్కి కూర్చుంది.

"చూశావా!" అన్నాడు మేస్త్రీ, ఛాతీ పొంగిపోతూ.

కాలితో తొక్కి పైకి లేపాడు. పిడి లాగి మెల్లగా వెనక్కి వాల్చాడు. లైటు వేశాడు. గవ్వ వెలుతురుకి కళ్ళు చికిలించి, ముసలావిడ వణుకు గొంతుతో స్పష్టంగా అంది: "ఎవరి పిల్ల నాయనా ఇది?"

వెంటనే గొంతు మార్చింది. ఈసారి మగ గొంతు, మెత్తగా, చేతులు నలుపుకుంటున్నట్టుగా. "మా అక్క కూతురండీ. వాళ్ళమ్మకి కుదరక నేను తీసుకొచ్చా."

ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పాలా? దగ్గూ, నసుగుడూ, చివర్లో ఆ చిన్న నవ్వూ, అన్నీ మేస్త్రీవే. ఆయనకి తల కొట్టేసినట్టయింది. పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

భార్య అడిగింది, "మీ అక్క ఎప్పుడు పుట్టిందండీ?"

మేస్త్రీ వాళ్ళమ్మకి ఒక్కగానొక్క సంతానం.

"అది కాదే... అక్కడ ఇది ఒకటే అరుపు. కాంపౌండరు చెయ్యి కొరికింది. బెంచీ మీద అందరూ నన్నే చూస్తున్నారు. ఆ ముసలావిడ అలా అడిగేసరికి... నోరు జారింది."

"నోరు జారితే ఒక మాట జారుతుంది. ఇవి రెండు వాక్యాలు."

ఇంకో సంగతి ఉంది, అది గవ్వ నోటి నుంచి ఇంకా రాలేదు కాబట్టి ఆయన కూడా చెప్పలేదు. ఆ ముసలావిడ వెంటనే, "ఎంత మంచి మనసయ్యా నీది! సొంత తండ్రైనా ఇంత ఓపిక పట్టడు" అంది. బెంచీ మీదవాళ్ళంతా తలలూపారు. ఒకాయన తన వంతు కూడా ఇచ్చాడు. మేస్త్రీ చేతులు జోడించి మరీ ఆ మెప్పు పుచ్చుకున్నాడు. అబద్ధం ఆడినందుకు సిగ్గు ఒక ఎత్తు, ఆ మెప్పు లోపల ఎక్కడో చల్లగా తగిలిన సంగతి ఒక ఎత్తు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సరే ఆయన మొహం దించుకుంటున్నాడు.

"ఎవరి పిల్ల నాయనా ఇది?" అంది గవ్వ మళ్ళీ. ఈసారి జవాబు తను చెప్పలేదు. తండ్రి గడ్డం వైపు చూస్తూ ఆగింది. ఆయన వంతు.

"చాల్లే, నోర్ముయ్!" అని అరిచాడు మేస్త్రీ.

ఆ పిల్ల మీద ఆయన అంతవరకూ గొంతెత్తలేదు. గవ్వ రెండు చెవులూ మూసుకుని కుర్చీలోంచి జారి మిషను బల్ల కింద దూరింది. భార్య కూడా వంగి బల్ల కిందికే వెళ్ళి, పిల్ల పక్కన కూర్చుంది. తిడుతుందని చూశాడు. ఏడుస్తుందని చూశాడు. ఆమె కింద పడి ఉన్న దారం ఉండ తీసుకుని, చిక్కు విప్పి, చుట్టుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది అనిపించింది ఆయనకి. తిట్టడానికి కూడా తగనివాణ్ణయ్యాను కాబోలు అనుకున్నాడు.

బుధవారం పొద్దున్నే లేచి ఎవరికీ చెప్పకుండా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. గేటు ఫోటో తీశాడు. మెట్ల ఫోటో తీశాడు. పైకెళ్ళేసరికి కాంపౌండరు, కట్టు కట్టిన చేత్తోనే, "రండి మేనమామగారూ!" అన్నాడు. ఎంత ఆప్యాయంగా అన్నాడని! చెప్పెయ్యడానికి అంతకంటే మంచి అదను ఉండదు, బెంచీ మీద నరపురుగు లేదు. "రేపటికి పిల్లని తయారుచెయ్యాలి, మూడు ఫోటోలు తీసుకుంటానండీ" అన్నాడు మేస్త్రీ. అంతే అన్నాడు.

"తీసుకోండి, తీసుకోండి. మేనకోడలి కోసం ఇంత ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో!"

మేస్త్రీ ఫోటోలు తీసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. రోడ్డు మీదికొచ్చాక తనని తను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాసేవి కావు.

"షాపుకొచ్చి ఇవ్వనా?" అని భార్యకి ఫోన్ చేశాడు.

"వద్దొద్దు. ఫోన్లో పంపండి చాలు. పిల్లని తీసుకుని ఇటు రాకండి, ఇక్కడ యంత్రాల రొద" అంది. మధ్యాహ్నానికి ఐదు కార్డులూ తెచ్చింది, మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించి, దారానికి గుచ్చి. అవి నేల మీద వరసగా పరిచి గవ్వతో గేటు దాటింది, మెట్లెక్కింది, బెంచీ మీద కూర్చుంది. నాలుగో కార్డు దగ్గర ముగ్గురూ కుర్చీ దగ్గరికి వచ్చారు. గవ్వ ఎక్కింది. వాలింది. లైటు వెలిగింది.

"ఎవరి పిల్ల నాయనా ఇది?"

మేస్త్రీ నోరు విప్పలేదు. గవ్వ ఆగి ఆగి, కుర్చీ దిగిపోయింది. మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ అదే ప్రశ్న. నాలుగుసార్లు ఎక్కింది, నాలుగుసార్లూ దిగింది. చివరిసారి దిగి చెంప ఫెడేలున కొట్టుకుంది.

"అడుగుతోంది కదా, చెప్పండి" అంది భార్య.

"అదొక్కటీ అడక్కు. నీ ఎదురుగా ఆ మాట నేను ఎలా అననే?"

ఆమె ఏదో అనబోయింది. పెదవి కొరుక్కుని కార్డులు దండలా చుట్టేసింది.

గురువారం భార్య సగం పూట సెలవు పెట్టింది. గవ్వ మెడలో కార్డుల దండ, గేటు రాగానే గేటు కార్డు తిప్పింది, మెట్లు రాగానే మెట్ల కార్డు తిప్పింది. ఒక్క తప్పు కూడా లేదు. బెంచీ నిండా జనం. కాంపౌండరు తలెత్తి, ఇల్లు ఎగిరిపోయేలా పలకరించాడు.

"రండి రండి మేనమామగారూ! ఇవాళ అక్కగారిని కూడా తెచ్చారే! అమ్మా, మీ తమ్ముడు బంగారమండీ!"

భార్య ఆయన వైపు చూడలేదు. కాంపౌండరు చేతిలోని చీటీ వైపు చూసింది. పేరు, వయసు, దాని కింద 'తీసుకొచ్చినవారు: మేనమామ' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఊరుకోగలిగేవాడే, ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"అక్క కాదండీ. ఈవిడ నా భార్య. ఇది నా కూతురు. ఆ రోజు అబద్ధం చెప్పాను."

"అదేంటండీ?" అన్నాడు కాంపౌండరు, నవ్వు ఇంకా మొహం మీంచి పోకుండానే.

"అందరూ చూస్తున్నారని సిగ్గేసింది. అందుకని నా పిల్ల కాదన్నాను. అది మార్చి రాయండి."

బెంచీ మీద గుసగుసలు ఆగిపోయాయి. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాంపౌండరు స్కేలు తీసుకుని 'మేనమామ' మీద గీత గీశాడు, పక్కన 'తండ్రి' అని రాశాడు, చీటీ ఇస్తున్నప్పుడు మాత్రం కళ్ళు కలపలేదు. పోనీలే అనుకున్నాడు మేస్త్రీ. చెమట పట్టినా ఒళ్ళు తేలికైంది. అనాల్సింది అనేశాను, ఇక పిల్ల అడిగినా నిజమే చెప్తాను, తల ఎత్తుకునే చెప్తాను అనుకున్నాడు. అన్నీ సర్దుకున్నట్టే అనిపించింది పాపం.

లోపల కుర్చీ ఆయన చేసినదానికంటే నాసిగా ఉంది. స్పాంజి కుంగిపోయింది, కుట్టు ఒకచోట విడిపోయింది. గవ్వ ఆ చినుగులో వేలు పెట్టి చూసింది, ఎక్కింది. డాక్టరమ్మ వాల్చింది. లైటు వెలిగింది. భార్య పిల్ల పాదాలు పట్టుకుంది.

"ఎవరి పిల్ల నాయనా ఇది?"

"నా పిల్లేనమ్మా" అన్నాడు మేస్త్రీ, గొంతు నిండుగా. "నా కూతురివి. నా బంగారుతల్లివి."

"ఊహూ" అంది గవ్వ.

లేచి కూర్చుంది. గడ్డం వైపు చూస్తూ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. "ఊహూ!" ఈసారి గట్టిగా. ఒక కాలు కిందికి వేలాడేసింది. చెయ్యి చెంప దాకా లేచింది.

"బయట చాలామంది ఉన్నారండీ" అంది డాక్టరమ్మ, గోడ గడియారం చూస్తూ. "ఇవాళ కాదంటే చీటీ రాసిచ్చేస్తాను."

తండ్రి చెప్పిన నిజం ఆ పిల్లకి అక్కర్లేదు. ఈ కుర్చీ దగ్గర, ఈ లైటు కింద, నాన్న అనాల్సిన మాట ఒకటుంది, అది ఇంకా రాలేదు, అంతే. అది మెప్పో, అవమానమో, అబద్ధమో దానికి పట్టదు. అది వస్తేగాని తర్వాతది జరగదు. మేస్త్రీకి అదంతా ఒక్కసారిగా తెలిసింది. తల తిప్పి భార్యని చూశాడు.

"అనండి" అంది ఆమె, పాదాలు వదలకుండా.

"మా అక్క కూతురండీ" అన్నాడు. గవ్వ కదల్లేదు, ఇంకా చివరంతా రావాలి. ఆ నసుగుడు రావాలి, ఆ చిన్న నవ్వు రావాలి. మేస్త్రీ చేతులు నలుపుకుంటూ, ఆ రోజు ఎలా అన్నాడో అలాగే, తన భార్య ముఖంలోకి చూస్తూ నవ్వి అన్నాడు: "వాళ్ళమ్మకి కుదరక నేను తీసుకొచ్చా."

గవ్వ వెనక్కి వాలి నోరు తెరిచింది.

డాక్టరమ్మ తెల్లబోయినా చెయ్యి ఆపలేదు. పది అంకెలు లెక్కపెట్టి మందు రాసింది. రెండో పదికి ముందు మళ్ళీ అడిగింది గవ్వ, మళ్ళీ చెప్పాడు. సూది పడింది, పిల్ల కాళ్ళు బిగుసుకున్నాయి కానీ నోరు ముయ్యలేదు. తలుపుకి ఉన్నది పరదా మాత్రమే, బెంచీ మీదివాళ్ళకి ప్రతి అక్షరం వినిపిస్తోంది. ఇప్పుడే నా కూతురని చెప్పినవాడు ఇదేం మాట అనుకుంటూ ఉంటారు. అనుకోనీ. మూడోసారి చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారాయి, నవ్వు మాత్రం నవ్వాడు, అది లేకపోతే ఒప్పుకోదు.

"ఏడు, ఎనిమిది... అయిపోయింది!" అంది డాక్టరమ్మ. పళ్ళెంలో పన్ను టింగుమంది. గవ్వ ఆ చప్పుడుకి పళ్ళెం లాక్కుని చెవికి ఆనించుకుంది.

"ఏమిటండీ ఆ మంత్రం?" అని అడిగింది డాక్టరమ్మ, చేతి తొడుగులు విప్పుతూ.

"ఇంట్లో మాటండీ" అంది భార్య.

రోడ్డెక్కారు. గవ్వ నోట్లో దూది బిగబట్టుకుని మధ్యలో నడుస్తోంది, ఇన్ని రోజుల తర్వాత చెయ్యి చెంప దగ్గరికి పోవడం లేదు. మేస్త్రీ రెండడుగులు వెనకే ఉన్నాడు. పక్కన నడవడానికి మొహం చెల్లలేదు. జిరాక్సు షాపు సందు మలుపులో భార్య ఆగింది. ఇక్కడ పిల్లని ఆయనకి అప్పజెప్పి ఆమె పనిలోకి వెళ్ళాలి. ఆయన చెయ్యి చాచాడు.

ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు.

"మా షాపులో అందరూ నాకు పిల్లల్లేరనుకుంటారు" అంది.

"అదేం? ఎందుకనుకుంటారు?"

"నేనే చెప్పాను. చేరిన రోజునే." ఆమె షాపు వైపే చూస్తోంది. "పిల్లలెంతమందని అడిగారు. ఉన్నారంటే ఏం చదువుతోందంటారు, తీసుకురా చూద్దామంటారు. లేరనేశాను. మూడేళ్ళయింది. ఇవాళ సెలవు కూడా నాకే పంటినొప్పని పెట్టాను. ఈ కార్డులు ఎవరికని అడిగితే ఏదో స్కూలు ఆర్డరన్నాను."

మేస్త్రీ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మంగళవారం నుంచీ మిమ్మల్ని తిడదామనే నోరు తెరుస్తున్నానండీ. రావట్లేదు. మీరు కనీసం అక్క కూతురన్నారు. నేను అసలు పుట్టనేలేదన్నాను."

ఆమె చేతిరుమాలుతో పిల్ల గడ్డం మీది నెత్తుటి చార తుడిచింది. చొక్కా కాలరు సరిచేసింది. దూది మార్చింది.

"దీన్ని లోపలికి తీసుకెళ్తాను" అంది.

"ఇవాళే ఎందుకే? పాపం ఇప్పుడే పన్ను..."

"ఇవాళ వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళను."

"నేనూ రానా?"

"వద్దు. మీరొస్తే మీరే చెప్పేస్తారు."

ఇద్దరూ రోడ్డు దాటారు. మేస్త్రీ మలుపు దగ్గర స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. గాజు తలుపు ముందు భార్య చాలాసేపు ఆగింది, లోపల్నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ఆమెని తప్పించుకుని వెళ్ళారు. తర్వాత భుజంతో తలుపు తోసింది. ఓనరమ్మ తలెత్తి, పిల్లని చూసి, నవ్వుతూ ఏదో అడిగింది. భార్య పెదాలు కదిలి ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి, ఈసారి ఆగలేదు. ఓనరమ్మ నవ్వు ఆపి, కళ్ళజోడు తీసి, బల్ల మీంచి ముందుకి వంగి పిల్లవైపు చూసింది.